దబ్బతొక్క నూనె

నాంపల్లి,
12 నవంబరు 1967, ఆదివారం.

చిరంజీవి విమలకు అమ్మమ్మ ఆశీస్సులు.

మొన్ననే ఒక ఉత్తరం పోస్టు చేశాను కనుక ఈ వారం మళ్ళీ రాయవలసిన పని లేదు. కానీ నిన్న సాయంత్రం నీ పార్సెలు అందింది. ఆ సీసా మూత తీసేముందు నీ దగ్గర మూడు సంగతులు తేల్చుకోవాలి. అందుకే ఇవాళ రాస్తున్నాను.

నా లేపనంలోకి గంధం నూనె అయిపోవచ్చిందని రాసిన మాట నిజమే. నువ్వు ఆ నూనెల లాబొరేటరీలో పని చేస్తున్నావు కనుక మంచి గంధం నూనె ఎక్కడ దొరుకుతుందో చెబుతావనుకున్నాను. నువ్వు దబ్బతొక్క నూనె పంపావు. దబ్బకాయను పులిహోరలో పిండాను, ఊరగాయ పెట్టాను. ముఖానికి రాయడం మన ఇంటావంటా లేదు. కొత్తదైనంత మాత్రాన కాదనను. అడిగి తెలుసుకుంటాను.

గంధం నూనె వంద గ్రాముల లేపనానికి పన్నెండు చుక్కలు వేసేదాన్ని. దీనికి నలభై అని రాశావు. ఎందుకు? ఇది రెండో ప్రశ్న కింద వేసుకో. మొదటిది, ఈ నూనె ఎలా తీశారు? మూడోది ముఖ్యం. నువ్వు నీ ముఖానికి రాసుకొని చూశావా?

మైనం, బాదం నూనె, పన్నీరు, వెలిగారం కలిపి నేను చేసేదాన్ని ఇక్కడందరూ ‘టీచరమ్మ స్నో’ అంటారు. స్నో కాదు మొర్రో అన్నా వినరు. నేను దాన్ని అమ్మను. ఖాళీ డబ్బీ తెచ్చి, ఎలా పనిచేసిందో చెప్పినవాళ్ళకే మళ్ళీ ఇస్తాను. ప్రతి వాయి ముందుగా నా ముంజేతికి లోపలివైపు రాసుకొని రెండు రోజులు చూస్తాను. నలుగురి ముఖాల మీదికి వెళ్ళే వస్తువు. అందుకే మూడో ప్రశ్నకు జవాబు వచ్చేదాకా సీసా అలమారులోనే ఉంటుంది.

నీ అమ్మమ్మ,
సుబ్బరత్నం

*

వాల్తేరు,
20 నవంబరు 1967.

అమ్మమ్మకు విమల నమస్కారాలు.

నీ ఉత్తరం చూస్తే మళ్ళీ నీ లెక్కల క్లాసులో నిలబడినట్టుంది. జవాబులు వరసగా రాస్తున్నాను, మార్కులు వేసుకో.

ఒకటి, తొక్కను మర పెట్టి పిండి తీసిన నూనె. ఆవిరి పట్టి తీస్తే ఇంత తాజా వాసన ఉండదు. రెండు, గంధమంత గాఢమైనది కాదు, అందుకే నలభై. మూడు, అదేమి ప్రశ్న అమ్మమ్మా! నేను రాసుకోకుండా నీకు పంపుతానా? రెండు నెలల నుంచి రోజూ రాసుకుంటున్నాను. నా గదిలో ఉండే శశికళ నా బుగ్గలు చూసి ఏం రాస్తున్నావని ప్రాణం తీస్తోంది.

ఇక్కడ సముద్రపు గాలికి జుట్టంతా జిగట. మెస్సులో సాంబారు సంగతి రాయను, నువ్వు బాధపడతావు. మొజంజాహీ మార్కెట్టు ఐస్‌క్రీం కలలోకి వస్తోంది.

ఒక్క కోరిక. నువ్వు ఎవరెవరికి డబ్బీలు ఇచ్చావో, వాళ్ళ వయసెంతో, పొడి చర్మమో జిడ్డు చర్మమో, ఎక్కడ రాసుకున్నారో, ఎన్నాళ్ళకు గుణం కనిపించిందో నీ పద్ధతిలో వివరంగా రాయి. నీ ఉత్తరం చదువుతుంటే నాంపల్లి వాకిట్లో కూర్చుని అందరినీ చూస్తున్నట్టే ఉంటుంది. ఒక్కదాన్నే ఉన్నాను కదా, ఇవే నాకు కాలక్షేపం.

నీ విమల

*

నాంపల్లి,
17 డిసెంబరు 1967.

చి. విమలకు ఆశీస్సులు.

నీ మాట మీద సీసా మూత తీశాను. నా ముంజేతికి రాసుకున్నాను. దద్దు లేదు, దురద లేదు. మర్నాడు కూడా చూసుకొని డబ్బీల్లోకి ఎత్తాను. నువ్వు కోరినట్టే వివరాలన్నీ విడి కాగితం మీద రాసి జతచేశాను. తలకొక వరస. నీకు దిగులు తీరుతుందంటే నాకు ఇందులో శ్రమ ఏముంది?

ముందువాటా ఇల్లుగలావిడ లక్ష్మీనర్సమ్మగారి మడిమల పగుళ్ళు నీకు గుర్తుండే ఉంటాయి. పూడుకుపోయాయి. వాసన సంగతి మాత్రం వదలడం లేదు. “ఏంది టీచరమ్మా, పొద్దుగాల ఇది రాస్కుంటె, ఇంట్ల పులిహోర కలిపిన్రా అని మా ఆయన పీట ఏస్కొని కూసుంటున్నడు!” అని వాడంతా వినబడేలా అంటుంది. వెంకటేశంగారు పాపం కచేరీకి వెళ్ళేలోపు ఈ వేళాకోళం రోజూ వినాలి.

ఆబిడ్స్‌లో మన కిషన్‌గారి దుకాణానికి బాదం నూనె కోసం వెళ్ళాను. వాళ్ళమ్మగారి చేతులు మెత్తబడ్డాయట. “జర ఇంకో డబ్బీ ఇయ్యున్రమ్మా. నా దుకాణంల పెడ్త అంటె మీరు ఒప్పరు. గిదేం వ్యాపారం?” అన్నాడు. వ్యాపారం కాదు కనుకనే ఒప్పుకోనన్నాను. నవ్వి, నా సంచీలో రెండు నిమ్మకాయలు వేశాడు.

లక్ష్మీనర్సమ్మగారి కూతురు పద్మ కూడా వచ్చి అడిగింది. పద్దెనిమిదేళ్ళ ముఖానికి మంచినీళ్ళు చాలు పొమ్మన్నాను. వినలేదు. “విమలక్క రాస్కుంటున్నదా?” అంది. అవునన్నాను. “మరి అక్క రాస్కుంటె నాకేమైతది అమ్మమ్మా? ఇయ్యవా?” అని చేయి చాపింది. నువ్వు కోఠీ కాలేజీకి వెళ్ళే రోజుల్లో నీ రిబ్బన్లు పట్టుకొని తిరిగిన పిల్ల. ఇచ్చాను.

నీ అమ్మమ్మ,
సుబ్బరత్నం

*

వాల్తేరు,
26 డిసెంబరు 1967.

అమ్మమ్మా,

నీ కాగితం ఎంత బాగుందో చెప్పలేను. ఎక్కడా కొట్టివేత లేదు! నాలుగుసార్లు చదివాను. ఇంకో నెల కూడా ఇలాగే రాస్తావా? కిషన్‌గారి తల్లికి వయసు వేయడం మరిచావు, అది కావాలి.

ఒక శుభవార్త, ఎవరికీ చెప్పకు. బొంబాయిలో ఒక సబ్బుల కంపెనీ వాళ్ళు నన్ను ఇంటర్వ్యూకి పిలిచారు. ముఖానికి రాసే క్రీములు కొత్తగా మొదలుపెడతారట. వస్తే నాదే ఒక గది, నా కింద ఇద్దరు మనుషులు. నీ ఆశీర్వాదం కావాలి.

హడావిడిలో ఉన్నాను.

నీ విమల

*

నాంపల్లి,
11 జనవరి 1968.

చి. విమలకు,

ఈ ఉత్తరంతో వివరాల కాగితం లేదు. పద్మ ముఖం కాలింది.

ఆ పిల్ల ఈ ఏడాది ఎన్.సి.సి.లో చేరింది. జనవరి ఇరవై ఆరు కవాతుకు ఎంపిక చేశారు. సికింద్రాబాదు మైదానంలో పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా రిహార్సలు. ఎండకు నల్లబడకుండా ఉంటుందని మన లేపనం దండిగా రాసుకొని వెళ్ళిందట. ఇంటికి వచ్చేసరికి బుగ్గలు ఎర్రగా మండుతున్నాయి. మర్నాటికి పొక్కులు లేచాయి. ఇప్పుడు రెండు బుగ్గల మీదా మూడేసి వేళ్ళు ఈడ్చినట్టు ముదురు గోధుమరంగు చారలు. ఏ వేలితో ఎంతవరకు రాసుకుందో చూసి చెప్పవచ్చు.

దవాఖానలో డాక్టరు, ఏం రాశారని అడిగాడు. లక్ష్మీనర్సమ్మగారు డబ్బీ చూపించింది. ఇంటికి వచ్చి నా గుమ్మంలో నిలబడి, గొంతు పెంచకుండానే అంది. “మీ చేతికి రాస్కొని చూసిన అన్నరు గద టీచరమ్మా. మీ మాట మీద మేము కండ్లు మూస్కొని రాస్కున్నం. పోరి మొఖం చూడున్రి.” నేను చూశాను. కవాతులోంచి పద్మను తీసేశారు. ఆ పిల్ల అద్దం తిప్పి గోడకు పెట్టింది.

అదే డబ్బీలోది నా ముంజేతికి మళ్ళీ రాశాను. రెండు రోజులైంది. ఏమీ లేదు.

మైనం పాతదే, పన్నీరు పాతదే. నీ నూనె నువ్వు నాలుగు నెలలుగా రాసుకుంటున్నదే. మారినది డిసెంబరులో కొన్న బాదం నూనె ఒక్కటే. అందుకని నిన్న ఆబిడ్స్‌కు వెళ్ళి, దుకాణంలో నలుగురు ఉండగానే, ఏం కలిపావని కిషన్‌గారిని అడిగాను. ఆయన నాకు అమ్మిన పీపాలోదే నూనె అరచేతిలో పోసుకొని అందరి ముందూ తాగాడు. “మా నాయన కాలంకెల్లి ఉన్న దుకాణం అమ్మా. మీరు గాక ఇంకెవరన్న గిట్ల అంటె ఊకుంటుంటినా? ఇగ మీరు గీడికి రాకున్రి” అన్నాడు.

నువ్వు రసాయనాలు చదివినదానివి. ఏది ఇలా చేస్తుందో వెంటనే రాయి. ఆ పిల్లకు ఏ మందు వేయాలో తెలియాలి. ఆ లేపనంతో భయం లేదన్నది పాతికేళ్ళు పాఠం చెప్పిన నోటితో నేను ఇచ్చిన మాట.

సుబ్బరత్నం

*

వాల్తేరు,
17 జనవరి 1968.

అమ్మమ్మా,

పద్మ సంగతి చదివి చాలా బాధపడ్డాను. చిన్న వయసు, చర్మం త్వరగానే కోలుకుంటుంది. చల్లటి పాలతో తుడవమను, ఎండలోకి వెళ్ళనివ్వకు. మిగిలిన డబ్బీలు తిరిగి తీసుకొని పారెయ్యి. సీసాలో నూనె కూడా పారబొయ్యి, ఎలాగూ పాతబడింది.

బాదం నూనె అని నువ్వన్నది సబబే. బజారు నూనెల్లో కల్తీ మామూలు. పాత స్నేహమని నువ్వు మొహమాటపడితే ఎలా? అడిగి మంచిపని చేశావు.

నాకు బొంబాయి ఉద్యోగం ఖాయమైంది. మార్చిలో చేరాలి. మొదట నీకే రాస్తున్నాను. ఇంకొక మాట, పద్మ విషయం ఇకమీదట ఉత్తరాల్లో అంత వివరంగా రాయకు. చదివితే నాకు నిద్ర పట్టడం లేదు.

నీ విమల

*

నాంపల్లి,
30 జనవరి 1968.

విమలకు,

నిన్న మన ఇంటికి ఒకాయన వచ్చాడు. పేరు రామకృష్ణ. మీ బొంబాయి కంపెనీ మనిషి, మన గుంటూరు వైపువాడే. వేరే పని మీద హైదరాబాదు వచ్చి, ఆబిడ్స్‌లో సుబ్బరత్నం టీచరుగారి ఇల్లు అడిగితే కిషన్‌గారి దుకాణం చూపించారట. కిషన్‌గారు స్వయంగా వెంటబెట్టుకొని వచ్చాడు. “మాట్లాడొద్దు అనుకున్న అమ్మా. కని పరాయి మనిషి ఇల్లు అడుగుతుంటె చెప్పకుంట ఎట్లుంట?” అని గేటు దగ్గరే నిలబడ్డాడు.

రామకృష్ణగారు చాలా మర్యాదస్తుడు. నాకు వంగి నమస్కారం పెట్టాడు. బియ్యం చెరుగుతున్న లక్ష్మీనర్సమ్మగారిని చూసి, “మీరు లక్ష్మీనర్సమ్మగారే కదండీ? మీ మడిమలు ఇప్పుడు బాగున్నాయా?” అన్నాడు.

ఆమె చేట కింద పెట్టేసింది. “నా మడిమలు ఈయనకెట్ల తెల్సు?” అని నన్ను అడిగింది. ఆయన్ని కాదు, నన్ను.

ఆయనకు అందరూ తెలుసు. కిషన్‌గారి తల్లి చేతులు తెలుసు, నేను వేయడం మరిచిన ఆమె వయసొక్కటే తెలియదు. ఎవరిది పొడి చర్మమో, ఎవరిది జిడ్డు చర్మమో తెలుసు. ముప్పై ఒక్కమంది ఆడవాళ్ళు మూడు వారాలు రాసుకుంటే ఒక్కరికీ ఏమీ కాలేదని, ఇంత పద్ధతిగా పరీక్ష చేసినందుకు కంపెనీ తరఫున కృతజ్ఞతలు చెప్పడానికి వచ్చానని అన్నాడు. వాక్యాలు కూడా నావే. నా నోటి మాటలు పరాయివాడి నోట వింటూ నా వరండాలో నేను నిలబడ్డాను. ఆయన చెప్పిన లెక్కలో పద్మ లేదు.

పద్మ తలుపు వెనకే ఉంది. నేను పిలవలేదు. ఆ పిల్లను బయటికి లాగి చూపించి ఆయన లెక్క తప్పని రుజువు చేయడం నాకు ఇష్టం లేకపోయింది. ఆయనకు మంచినీళ్ళిచ్చి పంపాను. కిషన్‌గారు గేటు మూసి, “ఇగ నేను పోత అమ్మా” అన్నాడు. అంతే అన్నాడు.

నవంబరులో అడిగినదే మళ్ళీ అడుగుతున్నాను. ఆ నూనె నువ్వు నీ ముఖానికి ఒక్కసారైనా రాసుకున్నావా? అవునో కాదో రాయి.

సుబ్బరత్నం

*

వాల్తేరు,
6 ఫిబ్రవరి 1968.

అమ్మమ్మకు,

కాదు.

పూర్తిగా చదువు, మధ్యలో చింపేయకు. మా దగ్గర సీసాలు కడిగే కొండమ్మ వాటిని మేడమీద ఎండబెడుతుంది. సెప్టెంబరులో ఆమె చేతుల మీద చారలు వచ్చాయి. ఈ జాతి తొక్కలను పిండి తీసిన నూనెల్లో కొన్నింటికి ఆ గుణం ఉంటుందని పుస్తకాల్లో ఉంది. ఒంటికి రాసుకొని ఎండలో నిలబడితే కాలుస్తాయి, నీడలో ఏమీ చేయవు. ఆవిరి పట్టి తీస్తే ఆ గుణం పోతుంది, కానీ వాసన తగ్గుతుంది. కంపెనీకి వాసన కావాలి. నాకు అప్పటికి ఇది అనుమానమే, రుజువు లేదు.

మీరంతా నీడపట్టున ఉండేవాళ్ళు అనుకున్నాను. నువ్వు రాసి చూసేది ముంజేతి లోపలివైపు, అక్కడ ఎండ పడదు. లక్ష్మీనర్సమ్మగారు గడప దాటితే గొడుగు. పద్మ మైదానంలో నిలబడుతుందని నాకెలా తెలుస్తుంది? నువ్వు రాయలేదు. ముందే చెబితే నువ్వు సీసా మూతే తీసేదానివి కాదు. నాకు ఉద్యోగం ఇవ్వాలంటే కంపెనీకి మనుషుల మీద పరీక్ష కావాలి. నీకన్నా నమ్మకంగా లెక్క రాసేవాళ్ళు నాకెవరున్నారు? నీ మీద గౌరవంతోనే ఆ పని చేశాను.

కిషన్‌గారి పేరు మొదట ఎత్తింది నువ్వు, నేను కాదు.

ఈ ఉద్యోగం పోతే నాకు మరొకటి రాదు. తల్లి లేని పిల్లనని పెంచావు, చదివించావు. ఇది మనిద్దరి మధ్యనే ఉంచు. పద్మకు మంచి మందు బొంబాయి నుంచి పంపుతాను.

విమల

*

నాంపల్లి,
12 ఫిబ్రవరి 1968.

విమలకు,

చింపలేదు. పూర్తిగా చదివాను.

నేను రాయలేదు కనుక నీకు తెలియదన్నావు. పద్మ కవాతు సంగతి రాయలేదు, నిజమే. కానీ జనవరి పదకొండున అన్నీ రాశాను. ఎండ అని రాశాను, చారలు అని రాశాను. అది చదివిన క్షణంలో నీకు మొత్తం తెలిసింది. ఆ పిల్లకు ఏం పట్టిందో తెలియక డాక్టరు తికమకపడుతున్నాడు, కారణం నీ చేతిలో ఉంది. నువ్వు పాలతో తుడవమన్నావు. కిషన్‌గారు నలుగురిలో నూనె తాగాడని చదివి, అడిగి మంచిపని చేశావన్నావు. సెప్టెంబరులో నీకున్నది అనుమానమని ఒప్పుకుంటాను. జనవరిలో నీకున్నది ఏమిటి?

నీ ఉత్తరం రాగానే లక్ష్మీనర్సమ్మగారి వాటాలోకి వెళ్ళి చదివి వినిపించాను. మనిద్దరి మధ్య ఉంచమన్నావు. ఉంచడానికి అది మనిద్దరి ముఖం కాదు. ఆమె తిట్టలేదు. తిడితే బాగుండేది. “విమలనా?” అంది. నా చేతిలో ఉత్తరం చూస్తూ, “మా వంటింట్ల కూసొని అన్నం తిన్న పిల్ల గదమ్మా” అంది. వెంకటేశంగారు చొక్కా వేసుకొని బయటికి వెళ్ళిపోయాడు. పద్మ మాత్రం అడిగింది. “అక్కకు ముందే ఎరుకనా అమ్మమ్మా?” అవునన్నాను. చారలు పోవడానికి నెలలు పడుతుందని డాక్టరు ఇప్పుడు చెప్పగలిగాడు. కాలేజీలో పిల్లలు ‘చారల పులి’ అంటున్నారట. ఓణీ ముఖానికి చుట్టుకొని వెళ్ళి వస్తోంది.

ఆబిడ్స్‌కూ వెళ్ళాను. వద్దన్న గుమ్మం ఎక్కాను. మొన్న ఎంతమంది వినేలా అన్నానో అంతకు తక్కువ కాకుండా మనుషులు వచ్చేదాకా ఆగి, నా మాట తప్పని చెప్పాను. కిషన్‌గారు తూకం ఆపలేదు. “కూసోండ్రి అమ్మా” అన్నాడు. నూనె మాత్రం అడగలేకపోయాను, ఆయనా ఇవ్వలేదు.

గౌరవంతో చేశానన్నావు. ఎదురుగా వచ్చి, ఇది ప్రమాదం కావచ్చు అమ్మమ్మా, నీ ఒంటి మీద ఎండలో చూద్దామా అని అడిగి ఉంటే, వాకిట్లో పీట వేసుకొని నా చేయి చాపి కూర్చునేదాన్ని. నన్ను అడగలేదు. నా మాటను వాడుకున్నావు. ఒంటరిగా ఉందని, దిగులుగా ఉందని నీకోసం రాసిన ప్రతి అక్షరాన్నీ తీసుకెళ్ళి కంపెనీకి ఇచ్చావు.

ఇక జరగవలసినవి రాస్తున్నాను. వీటిలో బేరం లేదు.

1. రామకృష్ణగారికి నువ్వే రాయాలి. ఎండలో కాలుతుందని, కొండమ్మ చేతులు, పద్మ ముఖం, నువ్వు రాసుకోలేదన్న సంగతి, నాలుగూ ఉండాలి. ఈ నెల ఇరవై అయిదున నేనూ విడిగా రాస్తాను. నీ ఉత్తరం ముందు చేరితే నీకు మంచిది. ఉద్యోగం ఉంటుందో పోతుందో వాళ్ళు తేల్చుకుంటారు.

2. కొండమ్మను డాక్టరుకు చూపించాలి. చేతులు ఎందుకలా అయ్యాయో ఆమెకు అర్థమయ్యే మాటల్లో చెప్పాలి. ఆ సీసాలు ఇక ఆమె కడగకూడదు.

3. కిషన్‌గారికి ఆయన పేరున ఉత్తరం రాయాలి. దుకాణంలో పైకి చదివించుకోగలిగినట్టు ఉండాలి.

4. డబ్బీలు తీసుకున్న ఇళ్ళన్నిటికీ నేనే నడిచి వెళ్తున్నాను. ఎందుకు తిరిగి తీసుకుంటున్నానో ప్రతి ఇంట్లోనూ చెబుతున్నాను. వాళ్ళెవరికీ నువ్వు రాయకు.

5. బొంబాయి మందు పంపకు. నువ్వు రా. నాంపల్లి స్టేషనులో దిగి నా వాటాకు కాదు, ముందు లక్ష్మీనర్సమ్మగారి గుమ్మానికి వెళ్ళు. పద్మ ఎదుట కూర్చొని, ఓణీ తీసిన ఆ ముఖం చూస్తూ, నీకు తెలుసని నీ నోటితో చెప్పు. అనుమానం అన్న మాట అక్కడ వాడకు. ఆ పిల్ల నిన్ను చూడనంటే తిరిగి వెళ్ళి, మళ్ళీ రా.

6. పద్మ నిన్ను క్షమించవచ్చు. మెత్తని పిల్ల. అది చూసి నేనూ క్షమించాననుకొని నా గది వైపు రావద్దు. నన్ను వేరుగా అడగాలి. ఆ రోజు నేనేమంటానో ఇప్పుడు నాకూ తెలియదు.

సుబ్బరత్నం